గాల్ బ్లాడర్‌లో మాటిమాటికీ ఇన్ఫెక్షన్: యాంటీబయాటిక్స్ సరిపోతాయా, ఆపరేషన్ తప్పదా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. అమ్మగారికి 54 ఏళ్లు, షుగర్ ఉంది. ఏడాదిలో మూడుసార్లు కుడి డొక్కలో నొప్పి, జ్వరం, వాంతులతో ఆసుపత్రిలో చేరారు. మూడుసార్లూ సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కిస్తే తగ్గింది. స్కానింగ్‌లో పిత్తాశయం (గాల్ బ్లాడర్) నిండా రాళ్లు, పెద్దది 14 మిల్లీమీటర్లు, గోడ మందం 5 మిల్లీమీటర్లు, 'క్రానిక్ కాల్క్యులస్ కోలీసిస్టైటిస్' (రాళ్లతో పాటు పిత్తాశయానికి దీర్ఘకాలంగా ఉన్న వాపు) అని రిపోర్టు. మీ సందేహాలు మూడు. బ్యాక్టీరియా వల్ల వచ్చిన వాపే అయితే గట్టి యాంటీబయాటిక్ ఒకటి పూర్తి కోర్సు వాడితే పోదా? ఆరేళ్ల కిందట వచ్చిన టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం ఉందా? పిత్తాశయం తీసేస్తే ఆ బ్యాక్టీరియా కూడా పోయినట్టేనా?

నేను జిల్లా కేంద్రంలో పనిచేసే జనరల్ సర్జన్‌ని. పిత్తాశయం ఆపరేషన్లు నాకు దాదాపు రోజువారీ పని.

సూటిగా చెబుతాను: మీ అమ్మగారి జబ్బు యాంటీబయాటిక్స్‌తో నయం కాదు. అప్పటికప్పుడు వచ్చిన అటాక్‌ను అవి చల్లారుస్తాయి, అంతే. షుగర్ ఉండి, ఏడాదిలో మూడుసార్లు జ్వరంతో సహా నొప్పి వచ్చిన మనిషికి పిత్తాశయం తీయించడమే సరైన వైద్యం. నాలుగో అటాక్ దాకా ఆగకుండా, ఇప్పుడు నొప్పి లేని సమయంలోనే ప్లాన్ చేసుకోండి. టైఫాయిడ్‌తో సంబంధం ఉండే అవకాశం తక్కువే, కానీ పూర్తిగా కొట్టిపారేయలేం. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

ఇప్పుడు ఎందుకో చెబుతాను.

మీరు "బ్యాక్టీరియా వల్లే కదా వాపు" అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. డాక్టర్లు కూడా తొందరలో "గాల్ బ్లాడర్‌కి ఇన్ఫెక్షన్ వచ్చిందమ్మా" అని తేల్చేస్తారు కాబట్టి మీ తప్పేం లేదు. నిజానికి ఎక్కువమందిలో వరస దీనికి తిరగబడి ఉంటుంది. ముందు రాయి, తర్వాత అడ్డు, ఆ తర్వాత వాపు, చివర్లో బ్యాక్టీరియా.

ఆరోగ్యంగా ఉన్న మనిషి పిత్తరసంలో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. లివర్ రోజుకు ముప్పావు లీటరు దాకా పిత్తరసం తయారుచేస్తుంది. అది ఎప్పటికప్పుడు పేగులోకి పారుతూ దారిని కడిగేస్తూ ఉంటుంది. అందులోని లవణాలకు చాలా రకాల సూక్ష్మజీవులను చంపే గుణం ఉంది. పిత్తనాళం పేగులో కలిసే చోట ఒక కండరం వాల్వులా పనిచేసి, పేగులోని మురికి పైకి ఎక్కకుండా ఆపుతుంది. పారే కాలవ నీళ్లకు నాచు పట్టదు, నిలిచిన నీళ్లకు పడుతుంది. ఇక్కడా అదే సంగతి.

రాయి వచ్చి పిత్తాశయం మెడ దగ్గరో, దాని సన్నటి గొట్టంలోనో ఇరుక్కుందనుకోండి. లోపలి రసం బయటికి పోదు, చిక్కబడుతుంది. పిత్తాశయం పట్టేదే 30 నుంచి 50 మిల్లీలీటర్లు, కాబట్టి లోపల ఒత్తిడి త్వరగా పెరుగుతుంది. పిత్తరసంలోని లెసిథిన్ అనే కొవ్వు పదార్థం విరిగి, లోపలి పొరను కాల్చే పదార్థంగా మారుతుంది. ఈ దశలో వచ్చే వాపు రసాయనాల వల్ల వచ్చేదే, బ్యాక్టీరియా పాత్ర ఇంకా మొదలవ్వదు. అందుకే అటాక్ మొదలైన మొదటి ఒకటి రెండు రోజుల్లో తీసిన పిత్తరసాన్ని కల్చర్‌కు, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే ల్యాబ్ పరీక్షకు పంపితే చాలాసార్లు ఏమీ పెరగదు. రోజులు గడిచేకొద్దీ పేగు నుంచి పైకి ఎక్కిన ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటివి అక్కడ చేరతాయి. అప్పుడు చలిజ్వరం, చీము, తెల్లకణాల కౌంటు పెరగడం మొదలవుతాయి.

ఇక క్రానిక్ అన్న మాట దగ్గరికి వద్దాం. ఇలాంటి చిన్నా పెద్దా అటాక్‌లు వచ్చి పోతూ ఉంటే పిత్తాశయం గోడ ప్రతిసారీ కొంచెం గాయపడి, కొంచెం మచ్చకడుతుంది. ఆపరేషన్ అయ్యాక తీసిన పిత్తాశయాన్ని ట్రేలో పెట్టి కత్తెరతో నిలువునా చీల్చి చూడటం నాకు అలవాటు. బాగున్న పిత్తాశయం లోపలి పొర పచ్చగా మెత్తగా ఉంటుంది, గోడ కత్తెరకు ఇట్టే తెగుతుంది. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్నలాంటి పిత్తాశయమైతే గోడ గట్టిపడి కత్తెర కిందే తెలిసిపోతుంది. లోపలి పొర పాలిపోయి నున్నగా అయిపోయి ఉంటుంది. రాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని పలకలు దేరి ఉంటాయి. ఆ పలకల్ని బట్టి అవి అక్కడ ఎంత ఇరుకులో పడి ఉన్నాయో అర్థమవుతుంది. లోపలి పొర గోడ కండరంలోకి గుంటలు గుంటలుగా దిగిపోయి ఉంటుంది. పెథాలజీ రిపోర్టులో 'రోకిటాన్‌స్కీ ఆషాఫ్ సైనస్‌లు' అని రాసేది వీటినే. పిత్తరసం, సన్నటి కణాలు, బ్యాక్టీరియా దాక్కోవడానికి అవి చక్కటి సందులు.

అయితే ఇంత పాడైన పిత్తాశయాల్లో కూడా, నొప్పి లేని సమయంలో తీసినవాటిలో ఎక్కువ వాటి కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగదు. వాపు ఉంది, మచ్చ ఉంది, రాళ్లు ఉన్నాయి, క్రిములు లేవు. మందుతో చంపడానికి అక్కడ ఏమీ లేనప్పుడు యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

సరే, క్రిములు ఉన్న సమయంలోనైనా పనిచేయాలి కదా అంటారేమో. అక్కడ రెండు ఇబ్బందులున్నాయి. సెఫ్ట్రియాక్సోన్, పిపరాసిలిన్ లాంటి మందులు రక్తం నుంచి లివర్‌కు, అక్కడి నుంచి పిత్తరసంలోకి బాగానే చేరతాయి. కానీ గొట్టం రాయితో మూసుకుపోయి ఉంటే ఆ రసం పిత్తాశయంలోకి వెళ్లే దారే లేదు. మందు గోడ వరకు రక్తం ద్వారా అందుతుంది, లోపల నిలిచిన రసంలోకి సరిగా చేరదు. రెండోది, రాళ్ల మీద కొన్ని బ్యాక్టీరియాలు జిగురు పొరలాంటి 'బయోఫిల్మ్' కట్టుకుని ఉంటాయి. ఆ పొర లోపల ఉన్నవాటిని చంపడానికి మామూలు మోతాదు మందు చాలదు. అటాక్ తగ్గిందంటే చాలావరకు రాయి కొంచెం కదిలి దారి ఇచ్చిందని అర్థం. మందు సాయపడింది, నిజమే. కానీ ఆ రాయి ఎక్కడికీ పోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతి అటాక్‌కూ మందు మార్చి మార్చి వాడటం వల్ల శరీరంలోని ఈ.కోలై మొండిదైపోతుంది. మన దగ్గర ఇప్పటికే సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ మందులకు లొంగని ఈ.కోలై మామూలైపోయింది. రేపు నిజంగా చీము పట్టి ప్రాణం మీదికి వచ్చిన రోజున మామూలు మందు పనిచేయకపోతే మెరోపెనెమ్ లాంటి, చివరి ఆయుధంగా దాచుకునే యాంటీబయాటిక్ దాకా వెళ్లాల్సి వస్తుంది. "ఒకసారి గట్టి కోర్సు వాడి చూద్దాం" అన్న ఆలోచనలో నాకు అన్నింటికన్నా భయం కలిగించేది ఇదే.

"రాళ్లొక్కటే తీసి సంచిని ఉంచేయకూడదా" అని కూడా ఇంచుమించు ప్రతి కుటుంబం అడుగుతుంది. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొట్టమొదటిసారి పిత్తాశయాన్ని పూర్తిగా తీసేశాడు. అప్పటిదాకా సంచిని కోసి రాళ్లు తీసి కుట్టేసేవాళ్లు, రాళ్లు మళ్లీ వచ్చేవి. అందులో రాళ్లు ఉన్నాయని కాదు, అది రాళ్లను తయారుచేస్తోందని తీయాలి అన్నది ఆయన వాదన. ఇన్నేళ్లయినా ఆ వాదన చెక్కుచెదరలేదు. రాళ్లు కరిగించే అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్రలు చిన్నవైన కొలెస్ట్రాల్ రాళ్లకు, అదీ పిత్తాశయం బాగా పనిచేస్తుంటేనే కొంత ఉపయోగం. ఆపేశాక ఐదేళ్లలో సగం మందికి మళ్లీ రాళ్లు వస్తాయి. 14 మిల్లీమీటర్ల రాయి, మందపడ్డ గోడ ఉన్న మీ అమ్మగారికి ఆ మాత్రలతో పని జరగదు.

బ్యాక్టీరియాయే అసలు కారణమయ్యే సందర్భాలు లేవా? ఉన్నాయి. పిత్తనాళాల్లో పుట్టే గోధుమ రంగు రాళ్లు అలాంటివే. బ్యాక్టీరియా విడుదల చేసే ఎంజైమ్ పిత్తంలోని రంగు పదార్థాన్ని విడగొడితే, అది కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. ఈ రాళ్లు మెత్తగా ఉంటాయి, గ్లౌజు వేళ్ల మధ్య నలిపితే నలిగిపోతాయి. నులిపురుగులు పిత్తనాళంలోకి ఎక్కినవాళ్లలో, నాళం సన్నబడినవాళ్లలో ఇవి కనిపిస్తాయి. ఇలాంటివాళ్లకు పిత్తాశయం తీసినా నాళంలో మళ్లీ రాళ్లు రావచ్చు, అందుకే వాళ్ల సంగతి వేరు. కడుపులో అల్సర్‌కు కారణమయ్యే హెచ్.పైలోరీ ఉండే హెలికోబ్యాక్టర్ జాతి జన్యు పదార్థం కూడా కొందరి పిత్తరసంలో దొరికింది. దానివల్లే పిత్తాశయం వాచిందని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు. కాబట్టి "హెచ్.పైలోరీ కిట్ వాడితే గాల్ బ్లాడర్ బాగవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక టైఫాయిడ్.

టైఫాయిడ్ క్రిమి మిగతావాటిలాంటిది కాదు. పిత్తరసం దాన్ని చంపలేదు. జ్వరం ఉన్న రోజుల్లో అది రక్తం ద్వారా లివర్‌కు, అక్కడి నుంచి పిత్తాశయానికి చేరుతుంది. ఎక్కువమందిలో జ్వరంతో పాటే వెళ్లిపోతుంది. నూటికి ఒకరు నుంచి ఐదుగురు వరకు మాత్రం ఏడాది దాటినా మలంలో ఆ క్రిమిని విడుస్తూనే ఉంటారు. వీళ్లనే క్యారియర్లు అంటాం. ఆడవాళ్లలో, వయసు పైబడ్డవాళ్లలో, ముఖ్యంగా పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. కొలెస్ట్రాల్ రాళ్ల మీద ఈ క్రిమి బయోఫిల్మ్ కట్టుకుని ఉండటాన్ని మెక్సికోలో రాళ్లకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో పరిశోధకులు చూపించారు, 2010లో అది అచ్చయింది.

ఈ విషయంలో అందరికన్నా పేరుమోసిన మనిషి న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్. ఆమె వండిన ఇళ్లలో వరసగా టైఫాయిడ్ వస్తుంటే 1907లో ఆమెను క్యారియర్‌గా గుర్తించారు. ఆమెకు మాత్రం ఏ బాధా లేదు. పిత్తాశయం తీయించుకోమని డాక్టర్లు చెబితే ఒప్పుకోలేదు. ఒంట్లో బాగానే ఉన్న మనిషిని, యాంటీబయాటిక్సే లేని ఆ రోజుల్లో అంత పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు! విడిగా బంధించి ఉంచిన ఆమెను 1910లో వదిలిపెట్టారు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో మళ్లీ వంట చేస్తూ పట్టుబడింది. 1938లో చనిపోయేదాకా ఒక దీవిలో విడిగా ఉంచేశారు. ఆమె కథను తిట్టడానికి చెబుతారు చాలామంది. నాకైతే ఆమె మీద జాలే కలుగుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. హాస్టల్ వంటగదిలో పనిచేసే ఒకావిడ, అప్పుడప్పుడూ కుడిపక్క నొప్పితో వచ్చింది. మాటల్లో మాటగా ఇంట్లో పిల్లలిద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి టైఫాయిడ్ వచ్చిందని చెప్పింది. అనుమానం వచ్చి మలం కల్చర్ చేయించాం. మొదటిసారి ఏమీ రాలేదు, తర్వాతి శాంపిల్‌లో టైఫాయిడ్ క్రిమి పెరిగింది. ఈ క్రిమి రోజూ బయటికి రాదు కాబట్టి ఒక్క శాంపిల్‌తో తేల్చకూడదు. రాళ్లు ఎలాగూ ఉన్నాయి. పిత్తాశయం తీసేసి, కల్చర్‌లో పనిచేస్తుందని తేలిన మందును నాలుగు వారాలు ఇచ్చాం. తర్వాతి కల్చర్లలో ఏమీ రాలేదు. ఆవిడ మళ్లీ పనిలో చేరింది. అక్కడ యాంటీబయాటిక్ వైద్యంలో సగభాగం, ఆపరేషన్ మిగతా సగం. రాళ్లు ఉన్న క్యారియర్‌కు మందు ఒక్కటే ఇస్తే చాలాసార్లు మళ్లీ మొదటికే వస్తుంది. లివర్ లోపలి నాళాల్లో కూడా క్రిమి ఉండొచ్చు కాబట్టి, ఆపరేషన్ చేసినా అందరికీ నూటికి నూరుపాళ్లు పోతుందని చెప్పలేం.

మీ అమ్మగారి విషయంలో ఇలా చేయండి. ఆరేళ్ల కిందటి టైఫాయిడ్ రక్తం కల్చర్‌లో తేలిందా, విడాల్ పరీక్షతోనేనా (రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలు చూసే పరీక్ష) అని పాత కాగితాలు చూడండి. విడాల్ ఒక్కటే అయితే అది నిజంగా టైఫాయిడ్ అని ఖాయంగా చెప్పలేం. మన ఊళ్లలో మూడు రోజుల జ్వరానికల్లా విడాల్ చేసి టైఫాయిడ్ అనేస్తారు. పాత ఇన్ఫెక్షన్, టీకా, వేరే జ్వరం ఏదున్నా అది పాజిటివ్ రావచ్చు. ఇప్పుడు మళ్లీ విడాల్ చేయించినా క్యారియర్ అవునో కాదో తేలదు. ఇంట్లో ఇంకెవరికైనా టైఫాయిడ్ వస్తుంటే, లేదా అమ్మగారు పదిమందికి వండిపెట్టే పనిలో ఉంటే, మలం కల్చర్ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించండి. లేకపోతే ఆపరేషన్ రోజున పిత్తరసం కొంచెం, ఒక రాయి కల్చర్‌కు పంపమని సర్జన్‌ను ముందే అడగండి.

టైఫాయిడ్ అన్నాక ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు పదిరోజులు చేయించుకుని, ఆ తర్వాత కడుపు నొప్పికి స్కాన్ తీయిస్తే "స్లడ్జ్ (చిక్కటి మడ్డి) ఉంది, చిన్న రాళ్లు ఉన్నాయి" అని వచ్చి ఆపరేషన్‌కు సిద్ధపడి వచ్చేవాళ్లు ఉంటారు. ఆ మందే కాల్షియంతో కలిసి పిత్తాశయంలో పేరుకుంటుంది. మందు ఆపితే ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఓ కాలేజీ అబ్బాయికి ఇలాగే ఆపరేషన్ డేటు కూడా ఇచ్చేశారు, రెండో అభిప్రాయం కోసం నా దగ్గరికొచ్చాడు. ఆగి రెండు నెలలకు మళ్లీ స్కాన్ తీస్తే శుభ్రంగా ఉంది. డెంగీ సీజన్‌లో కూడా ఇలాంటి గందరగోళమే. డెంగీలో పిత్తాశయం గోడ నీరు పట్టి మందంగా కనిపిస్తుంది, దానికి కత్తితో పని లేదు. ఏదైనా తిన్న తర్వాత స్కాన్ తీసినా గోడ మందంగానే కనిపిస్తుంది. అమ్మగారికి రాళ్లు, అటాక్‌లు రెండూ ఉన్నాయి కాబట్టి ఇవేవీ వర్తించవు. కానీ ఈ సమాధానం చదివే ఇంకొకరికి వర్తించవచ్చు.

అలాగే, నొప్పి లేకుండా వేరే దేనికో తీసిన స్కాన్‌లో రాళ్లు కనిపించినవాళ్లు భయపడి పరుగెత్తక్కర్లేదు. అలాంటివాళ్లలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికే నొప్పి మొదలవుతుంది. మూడు సెంటీమీటర్లు దాటిన రాయి, గోడకు సున్నం పట్టడం లాంటివి ఉంటే తప్ప సాధారణంగా ఆపరేషన్ చెప్పం.

ఇప్పుడు అమ్మగారి షుగర్ గురించి. షుగర్ ఉన్నవాళ్లలో పిత్తాశయం ఇన్ఫెక్షన్ మోసం చేస్తుంది. నరాలు మొద్దుబారి నొప్పి తక్కువ తెలుస్తుంది, జ్వరం కూడా ఒక్కోసారి ఉండదు. ఒక పెద్దాయన "కొంచెం కడుపు బరువుగా ఉంది, అన్నం సయించట్లేదు" అని నడిచి వచ్చాడు. షుగర్ నాలుగొందలు దాటింది, తెల్లకణాలు బాగా పెరిగాయి. తెరిచి చూస్తే పిత్తాశయం గోడ సగం నల్లబడి కుళ్లిపోయి ఉంది, ఇంకొక్క రోజు ఆగితే పగిలేది. గాలి తయారుచేసే బ్యాక్టీరియా చేరి గోడలో గాలి బుడగలు కట్టే రకం కూడా షుగర్ ఉన్నవాళ్లలోనే ఎక్కువ. అందుకే అమ్మగారికి ఏ కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా పెరిగి, ఆకలి పోయి, ఒంట్లో నలతగా ఉందంటే గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టకండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన లక్షణాలు: వణుకుతో చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, మలం తెల్లగా రావడం, నొప్పి ఆరు గంటలు దాటినా తగ్గకపోవడం, మాట తడబడటం, మగతగా ఉండటం. నొప్పి, చలిజ్వరం, కామెర్లు మూడూ కలిశాయంటే రాయి పెద్ద నాళంలోకి జారి అక్కడ చీము పడుతోందని అనుమానించాలి. దానికి ఎండోస్కోపీతో నాళం తెరిచి రాయి తీసే ఈఆర్‌సీపీ వెంటనే కావాలి. ఇలాంటి కామెర్లకు పసరు పోయించి వారం రోజులు గడిపి తీసుకొచ్చినవాళ్లను చూశాను. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పసరుకు పేరొస్తుంది. రాయి అడ్డుపడ్డ కామెర్లు అలా తగ్గవు. దయచేసి ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ల మాట వినకండి.

ఆపరేషన్ ఎప్పుడు? అటాక్ మొదలైన మొదటి మూడు రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లోపు చేరితే, అదే అడ్మిషన్‌లో చేసేయడం మంచిదని ఇప్పుడు ప్రపంచమంతటా ఒప్పుకున్న పద్ధతి. ఆ గడువు దాటితే వాపు గట్టిపడి అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అప్పుడు ఆరు వారాలు ఆగి చేస్తాం. మీరు రాసినదాన్ని బట్టి చివరి అటాక్ రెండు నెలల కిందట వచ్చింది. అంటే ఇప్పుడు మంచి సమయం. ప్రతి అటాక్ తర్వాత పిత్తాశయం మెడ దగ్గర మచ్చ పెరుగుతుంది. మేం జాగ్రత్తగా విడదీయాల్సిన గొట్టం, రక్తనాళం సరిగ్గా అక్కడే ఉంటాయి. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) ప్రధాన పిత్తనాళానికి గాయమయ్యే ప్రమాదం వెయ్యిలో మూడు నుంచి ఐదుగురికి ఉంటుంది. చిన్న సంఖ్యే అయినా జరిగితే చాలా పెద్ద సమస్య. మచ్చ ఎక్కువయ్యేకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది. సర్జన్ "లోపల బాగా అతుక్కుంటే పొట్ట కోసి ఓపెన్ చేయాల్సి రావచ్చు, లేదా పిత్తాశయంలో కొంత భాగం వదిలేయాల్సి రావచ్చు" అని ముందే చెబితే కంగారుపడకండి. అలా చెప్పే సర్జన్ దగ్గరే చేయించుకోండి.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 లోపు ఉంటే మంచిది. అంతకన్నా ఎక్కువుంటే కొన్ని వారాలు సరిచేసుకుని వెళ్లండి, దాన్ని సాకుగా పెట్టుకుని ఏడాది నెట్టొద్దు. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వాటిని మూడు రోజుల ముందే ఆపిస్తారు. రక్తం పలచబరిచే మాత్రలున్నా అంతే.

యాంటీబయాటిక్స్ పాత్ర ఆపరేషన్ సమయంలో ఎంత? షుగర్ ఉంది కాబట్టి కోత పెట్టే ముందు ఒక డోసు ఇస్తారు. లోపల చీము లేకపోతే ఆ తర్వాత అవసరం లేదు. మన దగ్గర డిశ్చార్జి కాగితం మీద అలవాటుగా వారం రోజుల మాత్రలు రాసేస్తారు. ఫ్రాన్స్‌లో మరీ తీవ్రం కాని అటాక్‌తో ఆపరేషన్ అయిన 414 మంది మీద పరీక్షించి చూశారు, 2014లో అది అచ్చయింది. ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లలో నూటికి 15 మందికి, ఇవ్వనివాళ్లలో 17 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మూలం తీసేశాక మందుకు పెద్దగా పని మిగల్లేదన్నమాట. కుళ్లినా, పగిలినా, నాళంలో చీమున్నా లెక్క వేరు, అప్పుడు కొన్ని రోజులు ఇవ్వాల్సిందే.

తీసిన పిత్తాశయాన్ని తప్పకుండా బయాప్సీకి పంపించండి, ఆ రిపోర్టు మీ చేతికి తీసుకోండి. ఖర్చని కొందరు మానేస్తారు. దీర్ఘకాలం వాచిన పిత్తాశయంలో ఎప్పుడో ఒకసారి క్యాన్సర్ దాగి ఉంటుంది. గంగా పరీవాహక ప్రాంతంలో ఇది చాలా ఎక్కువ. మన తెలుగు రాష్ట్రాల్లో అంత లేకపోయినా అసలు లేదనడానికి వీల్లేదు. టైఫాయిడ్ క్యారియర్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. గోడ ఒకే చోట మందంగా ఉందని స్కాన్‌లో రాసి ఉంటే, ఆపరేషన్‌కు ముందే సీటీ తీయించాలి. మీ రిపోర్టులో గోడ అంతటా ఒకేలా మందంగా ఉందో లేదో మళ్లీ చూడండి.

నిమ్మరసం, ఆలివ్ నూనె తాగితే రాళ్లు పడిపోతాయన్న వీడియో లింకు కూడా పెట్టారు. మర్నాడు మలంలో కనిపించే ఆ పచ్చటి ఉండలు రాళ్లు కావు, నూనె పేగులో సబ్బుగా మారి కట్టిన ముద్దలు. అంత నూనె ఒక్కసారి తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది, రాయి వెళ్లి ఇరుక్కునే ప్రమాదం ఉంది. అమ్మగారితో అలాంటివి చేయించొద్దు.

చివరి సందేహం, తీసేశాక బ్యాక్టీరియా ఏమవుతుందని. ఈ.కోలై లాంటివి మన పేగుల్లో ఎప్పుడూ ఉండేవే, అక్కడ వాటివల్ల మామూలుగా ఇబ్బంది లేదు. వాటికి నిలవనీడ ఇచ్చిన సంచి, రాళ్లు పోతాయి కాబట్టి ఈ తరహా అటాక్‌లు ఆగిపోతాయి. లివర్ చేసిన పిత్తరసం నేరుగా పేగులోకి పారుతుంది, అరుగుదలకు లోటు ఉండదు. కొందరికి మొదట్లో కొన్ని వారాలు విరేచనాలు పలచగా అవుతాయి, నూనె తక్కువగా తింటే సర్దుకుంటుంది. పెద్ద నాళంలో అప్పటికే రాయి ఉండిపోయి ఉంటే మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా చలిజ్వరం, కామెర్లు రావచ్చు. అందుకే ముందే చూసుకోవాలి.

దానికోసం మీ దగ్గరున్న రిపోర్టుల్లో రెండు విషయాలు చూసి ఇక్కడ రాయండి: ఎల్‌ఎఫ్‌టీలో (లివర్ రక్తపరీక్ష) బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత ఉన్నాయి, స్కాన్‌లో సీబీడీ (పెద్ద పిత్తనాళం) ఎన్ని మిల్లీమీటర్లు అని రాశారు. వాటిని బట్టి ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపించే ఎంఆర్‌ఐ) స్కాన్ అవసరమో కాదో చెబుతాను.